నివేదికలోని లెక్కను క్వెరీలోనికి మార్చుట
(చార్టులు గీయువారికొక పాఠము)

గడచిన అర్ధసంవత్సర పరీక్షల పిమ్మట మన పాఠశాలలో తలిదండ్రుల దినము జరిగినపుడు, సభామందిరపు గోడపై రెండు కాగితములు ప్రక్కప్రక్కన అంటింపబడి యుండెను. ఒకటి తొమ్మిదవ తరగతి గణిత ఫలితముల నివేదిక. అందు 42 మంది విద్యార్థుల క్రమసంఖ్యలును, వారి శాతములును ముద్రింపబడినవి. రెండవది రంగుల చార్టు. అందు ఉత్తీర్ణులు ఎందరో, కానివారెందరో నిలువు దిమ్మెలతో చూపబడినది. రెండును ఒకే కంప్యూటరునుండి, ఒకే డేటాబేసునుండి, ఒకే దినమున వెలువడినవే. వాటిని సిద్ధపరచినది మేమే గనుక చూచువారి మెప్పుకొరకు కొంత ఎదురుచూచుచుంటిమని ఒప్పుకొనవలెను.

తాపీపని చేయు తండ్రి యొకరు తమ కుమార్తెతోకూడ వచ్చి చాలసేపు ఆ గోడ ముందర నిలిచిరి. నివేదికను వ్రేలితో పైనుండి క్రిందివరకు లెక్కించిరి. పిమ్మట మా వైపు తిరిగి, "మాస్టారూ, ఈ కాగితంలో ముప్పై అయిదుకు తక్కువైనవాళ్లు ముగ్గురే ఉన్నారు. ఆ బొమ్మలో నలుగురని ఉంది. ఆ నాలుగో బిడ్డ ఎవరండీ?" అని అడిగిరి. మేము మరల లెక్కించితిమి. ఆయన చెప్పినది సత్యమే. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ప్రక్కనున్న బాలిక మాత్రము తల వంచుకొనెను. నివేదికలో ఆమెకు సరిగా 35 అని యుండెను. ఆ నాలుగవ బిడ్డ తానేయని ఆమె గ్రహించినది.

ఆ రాత్రి మేము కార్యాలయములో కూర్చుండి వెదకి కనుగొనిన సంగతినే ఈ వ్యాసములో వ్రాయుచున్నాము. పై తరగతుల విద్యార్థులలో పలువురు డేటాబేసులతో పనిచేయుట నేర్చుకొనుచున్నారు. వారికిది ఉపయోగపడవచ్చును. తలిదండ్రులకు మేము బాకీపడిన సమాధానముకూడ ఇందే కలదు.

1. నాలుగు భాగముల పరిచయము

మేము వాడునది మైక్రోసాఫ్టువారు 1992లో వెలువరించిన ఆక్సెస్ అను డేటాబేసు. అందు ముఖ్యముగా నాలుగింటిని ఎరుగవలెను. మొదటిది పట్టిక. మార్కులు, తేదీలు, క్రమసంఖ్యలు మొదలైన మూలవిషయములు దీనియందు దాచబడును. రెండవది క్వెరీ, అనగా పట్టికను మనమడుగు ప్రశ్న. "తొమ్మిదవ తరగతివారిని మాత్రము చూపుము", "ప్రతి తరగతికి సగటు తీయుము" అనునవి క్వెరీలు. మూడవది రిపోర్టు, అనగా ముద్రించుటకు తగినట్లు అమర్చిన నివేదిక. నాలుగవది చార్టు.

విషయములను పట్టికలలో వరుసలుగాను, నిలువు గడులుగాను ఉంచి, వాటిపై గణితశాస్త్ర పద్ధతిగా ప్రశ్నలు వేయవచ్చునని ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1970లో ప్రకటించెను. ఆ ప్రశ్నలు వేయుటకు అనువైన భాషను అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు 1974లో వెల్లడించిరి. నేడు ఎస్.క్యూ.ఎల్. అని పిలువబడునది అదియే. ఇక అంకెలను నిలువు దిమ్మెలుగా చూపు విద్య వీటన్నిటికంటె ప్రాతది. విలియం ప్లేఫెయిర్ అను స్కాట్లండు దేశస్థుడు 1786లో ప్రకటించిన గ్రంథమునందు అట్టి చిత్రమును ముద్రించెను.

2. చార్టునకు కనబడని లెక్క

మా మార్కుల పట్టికలో "పొందినవి", "గరిష్ఠము" అను రెండు గడులు మాత్రమే కలవు. శాతము అందు లేదు. ఉండకపోవుటయే మంచిది. పొందిన మార్కులను దిద్దినపుడెల్ల శాతమునుకూడ చేతితో దిద్దవలసివచ్చినచో ఏదో యొకనాడు మరచిపోవుదుము. కాబట్టి కొన్ని సంవత్సరముల క్రిందట నివేదికను తయారుచేసినపుడు, దానియందే ఒక టెక్స్టుబాక్సు నుంచి, అందు ఈ సూత్రమును వ్రాసితిమి:

= [పొందినవి] * 100 / [గరిష్ఠము]

దశాంశములు కనబడకుండ నిండు సంఖ్యగా చూపుమని ఆ పెట్టె లక్షణములలో నిర్ణయించితిమి. నివేదిక చక్కగా ముద్రితమగుచుండెను.

ఈ సంవత్సరము చార్టుకూడ కావలెనని ప్రధానోపాధ్యాయులు కోరిరి. మేము చార్టును తెరచి, శాతమనెడు గడికొరకు వెదకితిమి. అది యెచ్చటను కనబడలేదు. పేరు వ్రాసి చూచితిమి. యంత్రము దానిని ఎరుగక, "ఈ విలువ ఏది?" అని మమ్మునే తిరిగి ప్రశ్నించెను.

కారణమును గ్రహించుట కష్టము కాదు. చార్టు తన విషయములను పట్టికనుండిగాని, క్వెరీనుండిగాని మాత్రమే తీసికొనును. నివేదికలోని సూత్రము పట్టికలోను లేదు, క్వెరీలోను లేదు. నివేదిక పుట పుటగా సిద్ధమగునపుడు, ఒక్కొక్క వరుసకు అప్పటికప్పుడు లెక్క జరిగి, ఆ పెట్టెలో కనబడి, అంతటితో ముగియును. విందులో వంటగిన్నె యొకటి, విస్తళ్లు పెక్కు. ఒకరు తమ విస్తరిలో ఉప్పు కలుపుకొనినంత మాత్రమున గిన్నెలోని పప్పునకు ఉప్పు రాదు. నివేదిక ఒక విస్తరి, చార్టు మరియొక విస్తరి, క్వెరీ గిన్నె. రెండు విస్తళ్లకును ఒకే రుచి రావలెనన్న ఉప్పును గిన్నెలోనే వేయవలెను.

నివేదిక లోపలనే ఈ చిక్కు ఇంకొక రూపమున కనబడును. "శాతము" అను పేరుగల లెక్కల పెట్టెను, క్రిందిభాగమున "సగటు([శాతము])" అని పిలిచినను ఆక్సెస్ గ్రహింపదు. సగటు, మొత్తము మొదలగు పనులు మూలములోని గడులపైననే జరుగును గాని, పుటమీద అమర్చిన పెట్టెలపైన జరుగవు.

3. మేము చేసిన తప్పు

ఇచ్చట మేము తొందరపడితిమి. లెక్కను నివేదికనుండి క్వెరీలోనికి మార్చుటకు బదులు, నివేదికలోనిది నివేదికలోనే యుంచి, చార్టుకొరకు క్వెరీలో అదే లెక్కను రెండవమారు వ్రాసితిమి. అదియైనను అక్షరము అక్షరముగా వ్రాయలేదు. దశాంశములు వద్దనుకొని, సంఖ్యను సవరించు "రౌండ్" అను ప్రమేయమును చేర్చితిమి.

ఆ బాలికకు రెండు పరీక్షలలో 31, 38 మార్కులు వచ్చినవి. మొత్తము 200కు 69. శాతము 34.5. నివేదికలోని పెట్టె సగమును పైకి తీసికొని 35 అని చూపెను. క్వెరీలోని రౌండ్ ప్రమేయమో 34 అనెను.

ఒకే యంత్రము రెండు విధములుగా ఏల చెప్పవలెను? సరిగా సగము వచ్చినపుడు ఆక్సెస్‌లోని రౌండ్ దగ్గరనున్న సరిసంఖ్యకు పోవును. అందుచేత 34.5 అనునది 34 అగును, 35.5 అనునది 36 అగును. పెక్కు సంఖ్యలను కూడునపుడు ఎల్లప్పుడు పైకే సవరించినచో మొత్తము పెరిగిపోవునను ఉద్దేశముతో ఏర్పడిన పద్ధతి యిది. ఇది తప్పు పద్ధతి కాదు, వేరు పద్ధతి. పెట్టెలో చూపునపుడు మాత్రము మనము బడిలో నేర్చిన రీతిగా సగము పైకి పోవును. మేము పరీక్షించి చూచిన దినమున ఒక విద్యార్థికి 35.5 ఉండెను. రెండు పద్ధతులును 36 అనియే చెప్పినవి. అందుచేత తప్పు మాకు దొరకలేదు.

ఉత్తీర్ణతకు మా నియమము 35. ఆ అరశాతమువలన ఒక బిడ్డ ఒక కాగితములో గట్టెక్కి, ఇంకొక కాగితములో మునిగెను. తిరిగి పరీక్ష వ్రాయవలసినవారి జాబితా చార్టుయొక్క క్వెరీనుండి తీయబడినది గనుక అందామె సంఖ్యకూడ చేరియుండెను.

4. మార్చు విధానము

సరియైన మార్గము ఇట్లుండును. చదువరులు కంప్యూటరు ముందర కూర్చుండి ఒక్కొక్క మెట్టు చేసి చూడవచ్చును. ప్రమేయముల పేర్లను ఇచ్చట తెలుగు లిపిలో వ్రాయుచున్నాము. కీబోర్డుపై వాటిని ఇంగ్లీషు అక్షరములలో కొట్టవలెను.

మొదటి మెట్టు. క్రొత్త క్వెరీని రూపకల్పన తెరలో తెరచి, మార్కుల పట్టికను చేర్చి, క్రమసంఖ్య, తరగతి, పొందినవి, గరిష్ఠము అను గడులను దింపవలెను. ప్రక్కనున్న ఖాళీ గడి తలభాగమున, మొదట పేరు, పిమ్మట రెండు చుక్కలు, పిమ్మట సూత్రము వ్రాయవలెను:

శాతము: [పొందినవి] * 100 / [గరిష్ఠము]

ఇచ్చట సమానపు గుర్తు అక్కరలేదు. క్వెరీని నడిపి, నాలుగైదు వరుసలను కాగితముపై లెక్కకట్టి సరిచూచి, "మార్కుల లెక్క" అను పేరుతో దాచవలెను.

రెండవ మెట్టు. నివేదికయొక్క రికార్డు సోర్సు, అనగా అది విషయములు తెచ్చుకొను చోటు, పట్టికకు బదులు ఈ క్వెరీగా మార్చవలెను. టెక్స్టుబాక్సులోని సూత్రమును చెరిపివేసి "శాతము" అను గడి పేరును మాత్రము పెట్టవలెను. ప్రాత సూత్రమును చెరుపుట మరువరాదు. అది మిగిలియున్నంత కాలము లెక్క రెండుచోట్ల నుండును.

మూడవ మెట్టు. "మార్కుల లెక్క"ను ఆధారము చేసికొని రెండవ క్వెరీని తయారుచేయవలెను. మొత్తముల గుర్తును నొక్కి, తరగతినిబట్టి గుంపులు కట్టి, శాతమునకు సగటు, క్రమసంఖ్యకు లెక్కింపు అడుగవలెను. దీనికి "తరగతి సారము" అని పేరు.

నాలుగవ మెట్టు. చార్టుయొక్క రో సోర్సుగా "తరగతి సారము"ను నిర్ణయింపవలెను. ఇప్పుడు నివేదికయు, చార్టును ఒకే లెక్కను చూచును. మొదటి క్వెరీలో ఒక్క అక్షరము దిద్దినను రెండును కలిసియే మారును.

5. జాగ్రత్త పడవలసిన చోట్లు

ఖాళీ గడి సున్న కాదు. ఎనిమిదవ తరగతిలో 40 మంది కలరు. ఇద్దరు జ్వరముచేత పరీక్ష వ్రాయలేదు. వారి మార్కుల గడి ఖాళీ. నివేదికలో వారి శాతపు గడి ఖాళీగానే ముద్రితమైనది, అది సత్యము. కాని "35 లేక అంతకు మించినచో ఉత్తీర్ణత, లేనిచో అనుత్తీర్ణత" అని క్వెరీలో వ్రాసినపుడు యంత్రము వారిద్దరిని అనుత్తీర్ణులలో చేర్చెను. ఖాళీని ఏ సంఖ్యతో పోల్చినను ఆ పోలిక నిజమని తేలదు. నిజము కానపుడు యంత్రము "లేనిచో" అను దారినే పట్టును. వ్రాసిన 38 మందిలో 36 మంది ఉత్తీర్ణులైరి, అనగా సుమారు నూటికి 94.7. మా చార్టు 40కి 36 అని 90 చూపెను. కాబట్టి గడి ఖాళీయా యని మొదట అడిగి, ఖాళీయైనచో "గైరుహాజరు" అని వేరుగా వ్రాయవలెను. సగటు తీయు ప్రమేయము ఖాళీలను దానంతటదే విడిచిపెట్టును. ఖాళీని సున్నగా మార్చు ఎన్‌జెడ్ అను ప్రమేయమును ఆలోచింపక వాడినచో, జ్వరపడిన బిడ్డకు సున్న మార్కులు వేసినట్లే యగును.

సగటులకు సగటు తీయరాదు. ఒక తరగతిలో రెండు శాఖలు కలవనుకొందము. ఏ శాఖలో 20 మంది, సగటు 60. బి శాఖలో 40 మంది, సగటు 45. నివేదిక అడుగుననున్న ఈ రెండు సంఖ్యలను తీసికొని 52.5 అని చార్టులో వేయుటకు చేయి సాగును. నిజమైన సగటు అది కాదు. 20 అరువదులు 1200, 40 నలుబదియైదులు 1800, మొత్తము 3000. దానిని 60 మందికి పంచగా 50 మాత్రమే. సారమును ఎల్లప్పుడు మూల వరుసలనుండియే తీయవలెను.

సంఖ్యను అక్షరముగా మార్చరాదు. ఫార్మాట్ అను ప్రమేయము సంఖ్యను అందముగా చూపును గాని, దాని ఫలితము సంఖ్య కాదు, అక్షరముల వరుస. దానికి ఎత్తు లేదు గనుక దిమ్మె లేవదు. వరుసలో పేర్చినపుడుకూడ నిఘంటువు పద్ధతిని అనుసరించి 100 ముందును, 35 తరువాతను, 9 చివరను వచ్చును. క్వెరీలో సంఖ్యను సంఖ్యగానే యుంచి, అందమును నివేదికలోను, చార్టులోను దిద్దుకొనవలెను.

కూడుకొనుచు పోవు మొత్తము. పాఠశాల జరిగిన దినములు జూనులో 15, జూలైలో 24, ఆగస్టులో 22 అయినచో, వరుస మొత్తములు 15, 39, 61. నివేదికలో పెట్టెయొక్క లక్షణము నొకదానిని మార్చినంతనే ఇది సిద్ధించును. ఆక్సెస్ క్వెరీలో అట్టి లక్షణము లేదు. ప్రతి నెలకు "ఈ నెలయు, దీనికి ముందరి నెలలును కలిపిన మొత్తమెంత?" అని లోపల ఇంకొక ప్రశ్న వేయవలెను. అందుకొరకు నెలలకు వరుససంఖ్య యుండవలెను. పేర్లనుబట్టి పేర్చినచో అక్షరక్రమమున ఆగస్టు జూనుకంటె ముందు వచ్చి మొత్తమంతయు తారుమారగును.

కదలింపరానివి. పుటసంఖ్య, పుట అడుగునవచ్చు మొత్తము, ముద్రించిన తేదీ మొదలగునవి కాగితమునకు సంబంధించినవి. అవి నివేదికలోనే యుండవలెను. మార్కులకు సంబంధించినది క్వెరీకి, కాగితమునకు సంబంధించినది నివేదికకు అని గుర్తుంచుకొనిన చాలును.

6. యంత్రము నిర్ణయింపరానిది

తప్పు దొరకిన మరునాడు ఉపాధ్యాయుల సమావేశములో మేము సంగతి యంతయు తెలిపితిమి. 34.5 వచ్చిన బిడ్డ ఉత్తీర్ణురాలా, కాదా? ఈ ప్రశ్నను అంతవరకు మాలో ఎవరును అడిగియుండలేదు. మా బదులు ఒక పెట్టె ఒక విధముగాను, ఒక ప్రమేయము ఇంకొక విధముగాను నిర్ణయించినవి. చర్చ జరిగిన పిమ్మట, సగమును అంతకు మించినదియు విద్యార్థికి లాభముగా పైకి లెక్కింపవలెనని నియమము వ్రాసికొంటిమి. దానిని మొదటి క్వెరీలో ఒకే చోట చేర్చితిమి. అరను కలిపి, దశాంశమును కొట్టివేయు ఇంట్ ప్రమేయమును వాడితిమి:

నిండు శాతము: ఇంట్([పొందినవి] * 100 / [గరిష్ఠము] + 0.5)

34.5కు 0.5 కలుపగా 35, 34.4కు కలుపగా 34.9, దశాంశము పోగా 34. ఉత్తీర్ణతను ఈ గడినిబట్టియే నిర్ణయింతుము. సగటులకు మాత్రము సవరింపని శాతమునే వాడుదుము. మధ్యలో సవరించినచో చిన్న చిన్న తప్పులు పోగై పెద్దవగును.

చార్టును మరల ముద్రించి, ప్రాతదానిని తీసివేసి, అదే గోడపై అంటించితిమి. తిరిగి పరీక్ష వ్రాయవలసినవారి జాబితానుండి ఆ బాలిక సంఖ్యను తొలగించి, తండ్రిగారికి ఉత్తరము వ్రాసి, తప్పు మాదేయని తెలిపితిమి. ఆయన మరుసటి వారము పనికి పోవుచు పాఠశాలకు వచ్చి, రెండు కాగితములను మరల వ్రేలితో లెక్కించి, "ఇప్పుడు సరిపోయిందండీ" అని చెప్పి వెడలిరి.

విద్యార్థినీ విద్యార్థులారా, యంత్రము తీసిన లెక్క గనుక తప్పుండదని తలంపకుడు. యంత్రము మనము వ్రాసినదానినే చేయును. ఒకే సంగతిని రెండుచోట్ల రెండు రీతులుగా వ్రాసినచో రెండింటిని చేసి చూపును. మీరు రేపు బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో, కార్యాలయములోనో లెక్కలు సిద్ధపరచునపుడు, ప్రతి వరుస వెనుక ఒక మనిషి యున్నాడని జ్ఞప్తియందుంచుకొని, లెక్కను ఒకే చోట వ్రాయుడు. చార్టును గోడపై అంటించుటకు ముందు, ఆ తండ్రివలె ఒకమారు వ్రేలితో లెక్కించి చూడుడు.

అభ్యాసము

1. గరిష్ఠము 200 అయినపుడు 69, 71, 73 మార్కులు పొందినవారి శాతములను కట్టి, రౌండ్ పద్ధతిగాను, ఇంట్ పద్ధతిగాను సవరించి చూడుడు. ఎవరి విషయమున భేదము కలుగును?

2. ఒక శాఖలో 10 మంది సగటు 80, మరియొక శాఖలో 30 మంది సగటు 60. తరగతి సగటు 70 అని వ్రాసినవాని తప్పును దిద్దుడు.

3. మీ తరగతి హాజరుపట్టికలో నివేదికకు చెందవలసిన లెక్కలేవో, క్వెరీకి చెందవలసినవేవో విడదీసి వ్రాయుడు.